పుస్తకం మూసి చెప్పు

సర్దార్ పరీక్షలో నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను కానీ, రెండోసారి ఫెయిలై రైలు దిగిన రోజు పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి రాలేదు. తెలిసినవాళ్లెవరూ ఎదురుపడకూడదని బొగ్గు యార్డు వెనకనుంచి చుట్టూ తిరిగి, ఇస్త్రీ చొక్కా నిండా మసి చేసుకుని క్వార్టరు చేరాను.

మా వీధిలో ఇప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. సాయంత్రం మా గేటు దగ్గర ఆగి, "ఎంత చదివినా గుర్తుంటలేదు సార్" అంటారు. వాళ్ల పుస్తకాలు తీసి చూస్తే పేజీ పేజీకీ పచ్చరంగు పెన్నుతో గీతలు. నాది ఎర్ర పెన్సిలు. అదొక్కటే తేడా. గేటు దగ్గర నిలబడి ముక్కలు ముక్కలుగా చెప్పే కథను ఒక్కసారి మొత్తంగా రాసిపెడదామని కూర్చున్నాను.

ముందు సర్దార్ అంటే ఎవరో చెప్పాలి. బొగ్గు గనిని మేం బాయి అంటాం. బాయిలో ఒక్కో షిఫ్టులో కొంతమంది పనివాళ్ల భారం ఒక మనిషి మీద ఉంటుంది. అందరికన్నా ముందు వెళ్లి, పైకప్పు గట్టిగా ఉందా, గాలి మంచిగా ఉందా అని చూసి, ఆయన రమ్మంటేనే మిగతావాళ్లు పని జాగాకు రావాలి. ఆయనే సర్దార్. సర్దార్ కావాలంటే నోటి పరీక్ష దాటాలి. పెద్ద ఆఫీసరు ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతారు.

మాది మంథని దగ్గర వరి పండించుకునే ఇల్లు. నేను బాయిలో పనికి కుదిరి అప్పటికి మూడేళ్లయింది. నేను పరీక్ష ఫీజు కట్టిన వారానికే బాపు ఊళ్లో అందరికీ "మావోడు సర్దార్ అయితుండు" అని చెప్పేశాడు. "అయితడు" అనలేదు, "అయితుండు" అన్నాడు, అప్పటికే అవుతున్నట్టు. ఆ ఒక్క మాట నన్ను రెండేళ్లు పరేషాన్ చేసింది.

పరీక్షకు తెలుగులో ఒక గైడు పుస్తకం ఉండేది. దాన్ని మొదటిసారికి ముందు ఆరుసార్లు చదివాను. తెల్లవారుజామున లేచి పెద్దగొంతుతో చదివేవాణ్ణి. మా క్వార్టర్ల మధ్య గోడలు పలచన. పక్కింటి వాళ్లు కూడా విన్నారు. మా ఆవిడ రొట్టెలు చేస్తూ నాతోపాటు అప్పజెప్పేది.

ఆఫీసరు నన్ను కూర్చోమని, "మండే వాయువు గురించి చెప్పు" అన్నారు. గడగడా చెప్పాను. ఒక్క అక్షరం పోలేదు. ఆయన విని, "బాగుంది. నీ పని జాగాలో దాన్ని ఎక్కడ వెతుకుతావు?" అన్నారు.

నాకు పేజీ కనబడింది. నిజంగా కళ్లముందు కనబడింది. ఎడమ పక్క పేజీ, కింద టీ మరక, మరక పక్కన ఎర్రగీత. ఆ గీత మీద ఏముందో మాత్రం కనబడలేదు.

"అది నలభయ్యో పేజీలో ఉంది సార్" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "బాయిలో పేజీ నంబర్లు ఉండవు కదా నాయనా" అన్నారు.

రెండోసారి అదే పుస్తకం పదిసార్లు చదివాను. ఎర్రగీతలు సరిపోవని గీతల కింద మళ్లీ గీతలు కొట్టాను. చివరికి గీత లేని వాక్యమే ముఖ్యమైనదేమో అన్నట్టు తయారైంది పుస్తకం. ఈసారి ఆఫీసరు వేరే ప్రశ్న అడిగారు, నేను వేరే పేజీ నంబరు చెప్పలేదు, అంతే. ఫలితం మారలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ చెంబుతో నీళ్లిచ్చి, నా మొహం చూసి, "గా పుస్తకం వినీ వినీ నాకే నోటికొచ్చింది. నీకెట్ల రాలే?" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే ఆశ్చర్యపడి అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు చదువుకున్నవాళ్ల దగ్గర దొరకలేదు.

నేను పని చేసేది ఒక టింబర్‌మన్ కింద. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని, దుంగలు మోసి అందించడం నా పని. ఆయనది ఆసిఫాబాద్ పక్క పల్లె. బాయిలో ముప్పై ఏళ్లకు దగ్గర పడ్డాడు. హాజరు పుస్తకంలో వేలిముద్ర వేసేవాడు. అరచేతిలో తంబాకు నలుపుతూ, తల పైకెత్తి కప్పును చూస్తూ మాట్లాడేవాడు. మనిషి మొహం చూసి మాట్లాడటం అరుదు. నేను ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ణి.

మూడోసారికి ఫీజు కట్టాక, పుస్తకాన్ని బాయిలోకి కూడా తీసుకుపోవడం మొదలుపెట్టాను. ఒకరోజు తిండివేళ దుంగల మీద కూర్చుని టోపీ దీపం వెలుగులో చదువుతున్నాను. కాక రొట్టె విరుచుకుంటూ అడిగాడు.

"ఏం జదువుతున్నవ్ పిలగా?"

"గాలి పాఠం కాకా."

"ఏమున్నది గండ్ల?"

నేను ఉత్సాహంగా పుస్తకం పైకి పట్టుకుని చదవబోయాను. కాక పిండి అంటిన చేత్తోనే దాన్ని మూసేశాడు.

"చదువుడు కాదు. పుస్తకం మూసి చెప్పు."

నోరు తెరిచాను. "గాలి... గాలి అనగా..." అన్నాను. అక్కడ ఆగిపోయాను.

"ఇప్పటిదాక చదివినవా లేదా?"

"చదివిన కాకా."

"మరి?"

"గుర్తుకు వస్తలేదు."

కాక రొట్టె నమలడం ఆపి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు. దీపం నేరుగా నా కళ్లలో పడింది.

"ఒక్క మాట జెప్త, ఏమనుకోకు. నువ్వు గీ పుస్తకం అప్పజెప్పి సర్దార్‌వైనవనుకో. రేపు నువ్వు రమ్మంటెనే నేను లోపలికి రావాలె. నాకైతే భయమే. నేను రాను."

రెండుసార్లు ఫెయిలైనప్పుడు అంత సిగ్గు కాలేదు. అప్పటిదాకా పరీక్ష నాది, బాపుది, మా ఊరిది అనుకున్నాను. నా మాట మీద నమ్మకంతో చీకట్లో అడుగు పెట్టే మనుషులుంటారని, వాళ్లలో కాక ఒకడని ఆరోజు వరకు నాకు తట్టలేదు.

షిఫ్టు అయ్యాక పైకి వస్తుంటే కాకే అన్నాడు. "రోజు రెండు పేజీలు ఇంటికాడ జదువు. పుస్తకం బాయిలకు తేకు. తిండి కాడ నాకు జెప్పు. నాకు సమజైతె ఆఫీసరుకు గూడ సమజైతది."

మర్నాడు రెండు పేజీలు చదివి వెళ్లాను. చెప్పడానికి పది నిమిషాలనుకుంటే రెండు నిమిషాల్లో అయిపోయింది. సగం మరచిపోయాను. ఇంటికెళ్లి స్నానం కూడా చేయకుండా పుస్తకం తీశాను. ఆ మరచిపోయిన సగం ఏమిటో చూసుకోవాలని నాకు ఎంత ఆత్రం కలిగిందో చెప్పలేను. అప్పటికి పదహారుసార్లు చదివిన పేజీ, మొదటిసారి చదువుతున్నట్టుంది. అలా వెతుక్కుని పట్టుకున్న వాక్యాలు మళ్లీ జారిపోలేదు.

కాక మంచి శ్రోత కాదు. అదే నా అదృష్టం. ఊఁ కొట్టేవాడు కాదు. ప్రతి మాటకూ అడ్డం వచ్చేవాడు. "ఎందుకు?" అనేవాడు. నేను ఒక కారణం చెబితే దానికీ "ఎందుకు?" అనేవాడు. "మన గల్లీల గది ఏడున్నది, చూపియ్యి" అనేవాడు. గల్లీ అంటే బొగ్గు తవ్వుకుంటూ పోయిన సొరంగం దారి. నేను లేచి వెళ్లి వేలుపెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఆరోజు పాఠం లెక్కలోకి రాదు. కొత్త పాఠం మధ్యలో హఠాత్తుగా, "మొన్న బేస్తారం జెప్పినవ్ సూడు, గాలిని మలిపే తలుపుల సంగతి, అది మళ్ల జెప్పు" అనేవాడు. మరచిపోయి అడిగేవాడో, నన్ను పట్టుకోవాలని అడిగేవాడో ఇప్పటికీ తెలియదు. నేనైతే గురువారం పాఠాన్ని కూడా తలలో మోసుకుని తిరగాల్సి వచ్చింది.

ఒక్కోసారి పుస్తకంతోనే తగాదా పెట్టుకునేవాడు. దుంగకూ పైకప్పుకూ మధ్య ఒక చెక్కపలక పెడతాం. దాన్ని లిడ్డు అంటాం. పుస్తకంలో లిడ్డు ఎంత మందం ఉండాలో, ఎంత వెడల్పుండాలో ఉంది. అది చెప్పాను.

"ఎందుకు పెట్టాలెనో రాసిండా?"

"రాయలే."

"మరి ఏం రాసిండు!" కాక లేచి నిలబడ్డాడు. ఆరోజే నిలబెట్టిన దుంగ మీద చెయ్యి వేశాడు. "కప్పు బరువు మీద పడ్డదనుకో. దుంగ గట్టిది, ఎంతసేపు మోసినా మోస్తది, ఒక్కపారే పటుక్కున ఇరుగుతది. లిడ్డు మెత్తది. అది ముందుగాల నలుగుతది. నలుగుతుంటె కిర్రుమంటది. అది మనతోని మాట్లాడుతది పిలగా, 'బరువొస్తుంది, బయటికి పోండ్రి' అని. గీ సంగతి రాయకుంట మందం రాసిండా?"

పుస్తకంలో ఆ వాక్యం కింద నేను పెట్టిన ఎర్రగీతలు నాలుగు. ఒక్క గీతా నాకీ మాట చెప్పలేదు. అంతకన్నా చిత్రం, ఐదేళ్లుగా లిడ్లు మోసి అందిస్తున్నది నేనే.

ఇంకోసారి పెద్ద యుద్ధమే జరిగింది. మండే వాయువు తేలిక కాబట్టి పైకి పోతుంది, మనిషికి ఊపిరాడనివ్వని ఇంకో చెడుగాలి బరువు కాబట్టి నేల మీద ఉంటుంది అని చెప్పాను. కాక ఒప్పుకోలేదు.

"గాలికి బరువేంది? తూకమేసినవా?"

"పుస్తకంలో ఉంది కాకా."

"పుస్తకంల లిడ్డు గూడ ఉన్నది!"

మూడు రోజులు ఇదే గొడవ. నాలుగోరోజు మా షిఫ్టు సర్దార్ ఇనుప జాలీ ఉన్న మంట దీపం పట్టుకుని అటుగా వచ్చాడు. ఆయన అసలే కోపిష్టి. కాక ఆయన్ను ఆపి, "గాలికి బరువుంటదా సార్?" అని అడిగాడు. ఆయన మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "పని లేదా మీకు?" అని కసిరాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "దా" అన్నాడు.

పల్లానికి దిగే ఒక పాత గల్లీకి అడ్డంగా కంచె కట్టి ఉంది. ఆ గల్లీలో గాలి ఆడదు. కంచె ఇవతలే నిలబడి ఆయన దీపాన్ని ముందు ఛాతీ ఎత్తున పట్టుకున్నాడు. మంట నిటారుగా వెలిగింది. మెల్లగా నేల దగ్గరికి దించాడు. మంట చిన్నబోయింది. పైకెత్తాడు, లేచింది. మళ్లీ దించాడు, కుంగింది.

కాక రెండు చేతులతో మోకాళ్లు చరుచుకుని నవ్వాడు. బాయి మొత్తం వినబడేలా నవ్వాడు. "ఓరి నీ! ముప్పై ఏండ్ల సంది సర్దార్లు దీపం మీదికి కిందికి అనుడు సూస్తున్న. దండం వెడుతున్నరేమో అనుకున్న! ఒక్కడన్న జెప్పలే గద!"

కోపిష్టి సర్దార్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆరోజు నుంచి ఆయన అప్పుడప్పుడు తిండివేళ మా దగ్గర ఆగి, "ఇయ్యాల ఏం పాఠం?" అని అడిగి పోయేవాడు.

నేనూ మారాను. అంతకుముందు పుస్తకం బయట ఒక లోకం, బాయి ఒక లోకం. ఇప్పుడు ఏ వాక్యం చదివినా కాక ఏమడుగుతాడో ముందే వినబడేది. చదువుతూ ఆగి, 'దీన్ని ఎక్కడ చూపించాలి?' అని ఆలోచించేవాణ్ణి. ఎర్ర పెన్సిలు ఎక్కడ పోయిందో కూడా గమనించలేదు. పొద్దున పెద్దగొంతుతో చదవడం మానేశాను. పక్కింటి ఆవిడ మా ఆవిణ్ణి, "మీ ఆయన చదువు ఇడిసిపెట్టిండా?" అని జాలిగా అడిగిందట.

ఒక్క పాఠం దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. బొగ్గుదుమ్ము పేలకుండా దాని మీద రాతిపొడి చల్లడం గురించిన పాఠం అది. ముందురోజు ఎవరి పెళ్లికో పోయి వచ్చిన కాక, నేను మొదలుపెట్టిన రెండో నిమిషానికే దుంగకు ఒరిగి నిద్రపోయాడు. లేపలేక, చెప్పకుండానే వదిలేశాను. తర్వాత ఇద్దరం మరచిపోయాం.

మూడోసారి పరీక్షకు పోయేరోజు కాక స్టేషన్‌కు రాలేదు. మొదటి షిఫ్టు ఉంది. ముందురోజే చెప్పాడు. "ఆఫీసరును సూడకు. నన్నే సూస్తున్న అనుకో. నాకు జెప్పినట్టే జెప్పు. జర మెల్లగ జెప్పు, ఫికర్ జెయ్యకు."

అదే ఆఫీసరు. నన్ను గుర్తుపట్టారు. "నలభయ్యో పేజీ కదూ?" అన్నారు. పక్కన కూర్చున్న ఇంకో అధికారి నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"పేజీలు వద్దులే. దుంగ మీద లిడ్డు ఎందుకు పెడతారు?"

నాకు పేజీ కనబడలేదు. దుంగ మీద కాక చెయ్యి కనబడింది. పుస్తకం భాష ఎటు పోయిందో పోయింది, మా బాయి భాషే వచ్చేసింది. "దుంగ గట్టిది సార్. చెప్పకుంట ఇరుగుతది. లిడ్డు మెత్తది, ముందుగాల నలుగుతది, కిర్రుమంటది. మనతోని మాట్లాడుతది..." అని మొదలుపెట్టి, కాక చెప్పినట్టే చేతులు తిప్పుతూ చెప్పాను. ఆఫీసరు కుర్చీలో ముందుకు జరిగారు.

తర్వాత ప్రశ్నలు వరసగా వచ్చాయి. దీపం నేల దగ్గర పట్టుకుంటే మంట తగ్గింది, ఏం చేస్తావు? ముందు మనుషులను వెనక్కి పంపుతాను, తర్వాత దారికి అడ్డం కడతాను, తర్వాత పైవాళ్లకు చెబుతాను. ఎందుకు ఆ వరస? మనిషి పోతే రాడు కాబట్టి. ప్రతి జవాబుకూ ఆయన "ఎందుకు?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంతకన్నా మొండిగా అడిగేవాడి దగ్గర నాలుగు నెలలు కూర్చుని వచ్చాను.

చివరికి ఆయన, "రాతిపొడి ఎందుకు చల్లుతారు?" అన్నారు.

పుస్తకంలో అది ఎక్కడుందో తెలుసు. కుడి పక్క పేజీ. పేజీ నంబరు కూడా తెలుసు. కానీ ఈసారి దాన్ని పలకలేదు.

"అది నాకు సరిగ్గా తెలువది సార్. చదివిన. గానీ ఎవరికీ చెప్పలేదు."

"ఎవరికీ చెప్పకపోవడమేమిటి?"

కాక సంగతి చెప్పక తప్పలేదు. వేలిముద్ర వేసే ఒక టింబర్‌మన్‌కు రోజూ పాఠం చెప్పిన సంగతి, గాలి బరువు గొడవ, ఈ పాఠం రోజు ఆయన నిద్రపోయిన సంగతి మొత్తం చెప్పాను. పక్కనున్న అధికారి బల్లమీద తల వాల్చి నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "తెలియదని చెప్పే సర్దార్ నాకు కావాలి" అన్నారు. "రాతిపొడి సంగతి ఇంటికెళ్లి చదువుకో. ఆయనకు చెప్పు. మెలకువగా ఉన్నప్పుడు చెప్పు."

సాయంత్రం పాసైనవాళ్ల పేర్లు చదివారు. నాది మూడోది.

ఈసారి పెద్ద రోడ్డు మీదుగానే వచ్చాను. క్వార్టరుకు కాదు, నేరుగా మిఠాయి కొట్టుకు, అక్కణ్ణుంచి కాక ఇంటికి. కాక మంచంలో కూర్చుని తంబాకు నలుపుతున్నాడు. జిలేబీ పొట్లం చేతిలో పెట్టాను. విషయం అర్థమై, పొట్లం పక్కన పెట్టి, నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు.

"ఏమడిగిండు? ముందు అది జెప్పు!"

అన్ని ప్రశ్నలూ చెప్పాను. లిడ్డు ప్రశ్న రాగానే వాళ్లావిణ్ణి వంటింట్లోంచి పిలిచి, "ఇనవే, ఆఫీసరు నా లిడ్డు అడిగిండట!" అన్నాడు. రాతిపొడి సంగతి చెప్పేసరికి మొహం చిన్నబుచ్చుకుని, "గా ఒక్కటి నేను ఫెయిలైనట్టు" అన్నాడు. తర్వాత జిలేబీ నోట్లో వేసుకుని, "మిగిలినయన్ని పాసే గద" అని తనే ఓదార్చుకున్నాడు.

ఆ మర్నాటి తిండివేళ రాతిపొడి పాఠం చెప్పాను. కాక కళ్లు పెద్దవి చేసుకుని, తల కొద్దిగా కూడా ఒరగకుండా విన్నాడు.

సర్దార్‌నయ్యాక నన్ను వేరే షిఫ్టుకు వేశారు. తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. చివరి కొన్నేళ్లు కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రంలో ఉన్నాను. అక్కడ నేను చేసిందల్లా వాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకడి చేత చెప్పించి, ఇంకోడి చేత "ఎందుకు?" అనిపించడమే. పైవాళ్లు నన్ను మంచి శిక్షకుడన్నారు. నేను కాదనలేదు.

కానీ నాకు ఇప్పటికీ ఎక్కువ సంతోషమిచ్చేది ఆ పెద్ద ఉద్యోగం సంగతి కాదు, షిఫ్టు మారిన కొత్తలో జరిగింది. కాక కనబడినప్పుడల్లా ముభావంగా ఉండేవాడు. ఒకరోజు మార్కెట్లో పట్టుకుని అడిగితే, "నీ పరీక్ష అయిపాయె. ఇగ నాకెవడు చెప్తడు?" అన్నాడు. అలక అది.

గనుల పుస్తకం అయిపోయింది. ఇంకేం చెప్పాలి? నేను అప్పటిదాకా పరీక్ష పుస్తకం తప్ప ఇంకోటి చదివి ఎరగను. మా కాలనీ లైబ్రరీకి వెళ్లి, బల్ల వెనక కూర్చున్నాయన చేతికి అందిన నవల ఒకటి తెచ్చుకున్నాను. ఒక పల్లెలో అక్కాతమ్ముళ్ల కథ. నాలుగు రోజుల్లో చదివేసి, ఆదివారం పొద్దున లైబ్రరీలో తిరిగి ఇచ్చేసి, కాక ఇంటికి పోయాను. వాకిట్లో చాప వేశారు. ఈసారి చిన్నమ్మ కూడా, అంటే కాక భార్య, చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది.

కథ చెప్పాను. అక్కతో ఏడేళ్లు మాటల్లేని తమ్ముడు బస్టాండులో ఎదురై, సీతాఫలాల సంచి అందించి, ఏమీ అనలేక నిలబడతాడు. అక్క సంచి చూసి నవ్వి బస్సెక్కుతుంది. కాక "బరబ్బర్!" అని తొడ చరిచాడు.

చిన్నమ్మ చేతిలో పిక్క ఆగిపోయింది. "ఎందుకు నవ్వింది?"

"సంతోషపడి నవ్వింది చిన్నమ్మా."

"ఏడేండ్లు మాట్లాడని ఆడిది సంచి సూసి సంతోషపడ్తదా? సీతాఫలాల కాడ ముందుగాల ఏదో జరిగుంటది. నువ్వు ఇడిసిపెట్టినవ్."

"ఏం లేదు చిన్నమ్మా, మొత్తం చెప్పిన."

"సర్దార్‌వైతె అయినవ్ గానీ, మంచిగ సదువు బిడ్డా" అని మళ్లీ చింతపండు అందుకుంది. కాక నన్ను చూసి కన్ను గీటాడు. ఆయన మీద పడే ప్రశ్నలు ముప్పై ఏళ్ల తర్వాత ఇంకొకడి మీద పడుతున్నందుకు ఆయనకు ఎంత హాయిగా ఉందో మొహంలో కనబడింది.

సైకిలు తిప్పుకుని లైబ్రరీకి తొక్కాను. బల్ల వెనక పెద్దమనిషి తాళాలు చేతిలో పట్టుకుని లేవబోతున్నాడు. పొద్దున ఇచ్చిన పుస్తకం ఇంకా బల్లమీదే ఉంది. అదే మళ్లీ కావాలన్నాను.

"ఇది పొద్దుగాలనే ఇచ్చినవ్ గద. చదువలేదా?"

"చదివిన సార్. గానీ ఒకామె ఎందుకు నవ్విందో సూసుకోవాలె."